ఫిజిక్స్ నుంచి క్యాన్సర్ ల్యాబ్‌కి వచ్చాను, ఇప్పుడు టీమ్‌ని కూడా నడపమంటున్నారు. మూడూ నేర్చుకోవాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "అణువుల సిమ్యులేషన్‌లో పీహెచ్‌డీ చేశాను. పోస్ట్‌డాక్‌గా క్యాన్సర్ ల్యాబ్‌లో చేరి ఏడాదైంది. మా ప్రాజెక్టులో బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ వాళ్లు కలిపి తొమ్మిది మంది ఉన్నాం. ఇప్పుడు ఆ తొమ్మిది మంది పనీ సమన్వయం చేసే బాధ్యత మా పీఐ (ల్యాబ్ పెద్ద) నాకే ఇస్తానంటున్నారు. బయాలజీ నాకు సగమే అర్థమవుతుంది, మేనేజ్‌మెంట్ అసలే రాదు. అన్నీ నేర్చుకోవాలా, నా పని నేను చేసుకుంటే మేలా? రెంటికీ చెడ్డ రేవడినవుతానేమోనని టెన్షన్."

నేనూ ఫిజిక్స్ నుంచే వచ్చాను. ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి కలగూరగంప టీముల్లోనే పనిచేశాను, అందులో పన్నెండేళ్లు నడిపే పని నాదే. మూడూ నేర్చుకోవాలా అంటే అక్కర్లేదు, అది ఎవరివల్లా కాదు కూడా. కానీ పక్కబల్ల వాళ్లు మీ చేతికిచ్చే అంకె ఏ పరిస్థితుల్లో పుట్టిందో అడిగేంత బయాలజీ మీకు రావాలి. మీరు అడిగినప్పుడు వాళ్లు జంకకుండా ఉన్నదున్నట్టు చెప్పగలగాలి. మొదటిది సైన్స్, రెండోది మేనేజ్‌మెంట్ అని విడగొట్టి చూసినంతకాలం నేను దెబ్బతింటూనే వచ్చాను. పెద్ద దెబ్బ ఒకటి చెబుతాను.

అప్పుడు మేం పీ53 అనే ప్రొటీన్ మీద పనిచేస్తున్నాం. మీకు తెలిసిందే అయినా మిగతా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు: డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు కణం విభజన ఆపేసేదీ, అవసరమైతే కణాన్నే చంపేసేదీ ఈ ప్రొటీన్. 1979లో గుర్తించారు. మనుషులకు వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో దీని జన్యువు చెడిపోయి ఉంటుంది. ఆ మ్యుటేషన్లలో వై220సీ అనేదొకటి ఉంది. ప్రొటీన్ గొలుసులో 220వ స్థానంలో ఉండాల్సిన టైరోసిన్ అనే అమైనో ఆమ్లం పోయి సిస్టీన్ అనేది వస్తుంది. టైరోసిన్ పెద్ద శాల్తీ, సిస్టీన్ చిన్నది. దాంతో ప్రొటీన్ ఉపరితలం మీద ఒక గుంట పడుతుంది. గుంట ఉందంటే మందు అణువు కూర్చోవడానికి చోటున్నట్టే. ఆ చోటు నింపితే కూలబోతున్న ప్రొటీన్ మళ్లీ నిలబడుతుందన్నది ఆలోచన. సిమ్యులేషన్ వాళ్లకు ఇంతకంటే పండగేముంటుంది?

కొన్ని అణువులు ఆ గుంటలో ఎంత గట్టిగా కూర్చుంటాయో నేను 37 డిగ్రీల దగ్గర లెక్కగట్టాను. శరీరం వేడి అదే కదా అని. అవతల ల్యాబ్‌లో ఒక పీహెచ్‌డీ అమ్మాయి అవే అణువులను ప్రొటీన్‌తో కలిపి కొలిచి ఇచ్చింది. రెండు జాబితాల్లోనూ వరుస కలవలేదు. నా లెక్కలో మొదట ఉన్నది ఆమె కొలతలో చివర తేలింది. తప్పు నా ఫోర్స్ ఫీల్డ్‌లోనే (అణువుల మధ్య బలాలను లెక్కగట్టే సూత్రాల్లోనే) ఉందనుకుని ఐదు నెలలు దాన్ని సవరిస్తూ కూర్చున్నాను. ప్రతి సోమవారం మీటింగ్‌లో కొత్త స్లైడ్ పెట్టేవాణ్ని. పైన పెద్ద అక్షరాలతో "37 డిగ్రీలు" అని ఉండేది.

ఒకరోజు ఐస్ కోసం ఆ ల్యాబ్‌కి వెళ్లాను. ఆ అమ్మాయి ఐస్ బకెట్‌లోంచి ట్యూబ్ తీసి, పిప్పెట్‌తో మెల్లగా కొలిచి పోసి, మెషీన్‌లో పెట్టింది. డిస్‌ప్లే మీద 20 డిగ్రీలని ఉంది.

"ఎందుకమ్మా, 20 దగ్గర పెట్టావు?"

"37లో పెడితే విరిగిపోతుంది సార్. పాలు విరిగినట్టు తెల్లగా అయిపోతుంది. ఒకసారి పెట్టి చూశాను."

"ఎప్పుడు?"

"మొదటి వారంలోనే."

"మరి మీటింగ్‌లో చెప్పలేదేం?"

"మీ స్లైడ్ మీద 37 అని ఉంటుంది కదా సార్. నేనే సరిగా చేయడం లేదేమో అనుకున్నా."

విషయమంతా ఈ చివరి మాటలోనే ఉంది. ఆమె చేసిన దాంట్లో తప్పేమీ లేదు. మామూలు పీ53లో డీఎన్ఏని పట్టుకునే కోర్ భాగమే 44-45 డిగ్రీల దగ్గర విడిపోతుంది. 37 దగ్గర దాన్ని మడిచి పట్టి ఉంచే శక్తి మోల్‌కు దాదాపు 3 కిలోకేలరీలే (ఇక్కడ చెప్పే కిలోకేలరీలన్నీ మోల్‌కే). వై220సీ అందులోంచి సుమారు 4 కిలోకేలరీలు లాగేస్తుంది. 3లోంచి 4 పోతే మిగిలేదేమిటో చూడండి: శరీరం వేడి దగ్గర ఆ ప్రొటీన్ ఎక్కువ భాగం విడిపోయే ఉంటుంది. విడిపోయినవి ఒకదానికొకటి అతుక్కుని తెల్లగా తేలతాయి.

మరి నా కంప్యూటర్‌లో 37 దగ్గర అది రాయిలా ఎందుకు నిలబడింది? ఎందుకంటే నేను చూసింది మైక్రోసెకండ్ మాత్రమే. సిమ్యులేషన్‌లో ఒక అడుగు అంటే 2 ఫెమ్టోసెకండ్లు. ఒక్క మైక్రోసెకండ్‌కే 50 కోట్ల అడుగులు వేయాలి. ప్రొటీన్ విడిపోవడానికి పట్టేది సెకన్లు, నిమిషాలు. అంత దూరం నా లెక్క ఎప్పటికీ వెళ్లదు. కాబట్టి నేను లెక్కగట్టింది విడిపోవడానికి టైమే దొరకని ప్రొటీన్‌ని, అదీ 37 దగ్గర. ఆమె కొలిచింది 20 దగ్గర. ఎవరి బల్ల దగ్గర వాళ్లం కరెక్టే. పక్కపక్కన పెట్టకూడని రెండు అంకెలను ఐదు నెలలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. 20 దగ్గర మళ్లీ లెక్క కడితే వరుస చాలావరకు కలిసింది. పూర్తిగా కలిసిందని మాత్రం చెప్పను.

అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి టీముల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించి 1996లో ప్రచురించారు. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువుంటాయని ఆమె అనుకున్నారు. లెక్క తిరగబడింది. నాయకత్వం బాగున్న చోటే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడ ఎక్కువ చేస్తున్నారని కాదు, చేసినవి దాచకుండా చెబుతున్నారని ఆమె తేల్చారు. తర్వాత 1999లో సైకలాజికల్ సేఫ్టీ (తప్పు బయటపెట్టినా చిన్నబుచ్చరన్న భరోసా) మీద రాసిన పేపర్‌తో ఆ మాట బాగా వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు ఆ మాటను అందరూ నవ్వుతూ తుళ్లుతూ ఉండటం అనే అర్థంలో వాడేస్తున్నారు. మా టీమ్‌లో నవ్వులకేం తక్కువ లేదు. ఆ అమ్మాయితో రోజూ టీ తాగేవాణ్ని. అయినా ఆమె నోరు నా స్లైడ్ నొక్కేసింది.

ఆ తర్వాత మేం మార్చుకున్నవి రెండే. ఒకటి, ట్యూబ్ అయినా ఫైలైనా చేతులు మారేటప్పుడు అరపేజీ చీటీ ఒకటి వెంట వెళ్లాలి. అందులో ఉష్ణోగ్రత, పీహెచ్, బఫర్‌లో ఉప్పెంత, ప్రొటీన్ గాఢత, ప్రొటీన్‌లో ఏ నంబరు అమైనో ఆమ్లం నుంచి ఏ నంబరు వరకు ఉన్న ముక్క, శుద్ధి కోసం చివర తగిలించిన ట్యాగ్ తీశారా లేదా అన్నవి ఉంటాయి. అన్నిటికంటే కింద ఒక ఖాళీ గడి: "చేస్తుండగా వింతగా అనిపించింది ఏమిటి?" ఆ గడి ఖాళీగా వదలకూడదు, ఏమీ లేకపోతే "ఏమీ లేదు" అని రాయాలి. పాలు విరిగినట్టు విరగడం రాయాల్సింది అక్కడే. సిమ్యులేషన్ వాళ్లకూ అదే చీటీ. మేం ఏ హిస్టిడిన్‌కి (ఇదీ ఒక అమైనో ఆమ్లమే) ప్రొటాన్ పెట్టామో, క్రిస్టల్ చిత్రంలో కనపడని లూప్‌ని ఎలా కట్టామో రాయడం మొదలుపెట్టాక బయాలజీ వాళ్లు నవ్వారు: "ఇన్ని ఊహలు చేస్తారా మీరు!"

రెండోది, మీటింగ్‌లో అందరికంటే చిన్నవాళ్లు ముందు మాట్లాడటం. స్లైడ్లు ఆ తర్వాతే. ఈ వారం ఏం పాడైందన్నది మాత్రం ముందు నేను చెప్పాక మిగతావాళ్లు చెప్పాలి. మొదటి రెండు నెలలు నేనొక్కణ్నే చెప్పుకున్నాను, సిగ్గుగానే ఉండేది. మూడో నెలలో ఒకతను తన కణాలకు మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా పట్టిందని చెప్పాడు. ఆ ఒక్క మాటతో మూడు వారాల డేటా చెత్తబుట్టలో పడింది, కానీ ఏడాది మిగిలింది.

ఇక మీరు నేర్చుకోవాల్సిన బయాలజీ. లావుపాటి పుస్తకంతో మొదలుపెట్టకండి. రెండు వారాలు అవతలి బల్ల దగ్గర నిలబడి, ఒక ప్రొటీన్‌ని బ్యాక్టీరియాలో పెంచడం నుంచి శుద్ధి చేసేదాకా మీ చేత్తో చేయండి. పాడవుతుంది, పాడవనివ్వండి. ఎక్కడ పాడవుతుందో తెలిస్తే ఏ అంకెను ఎంత నమ్మాలో తెలుస్తుంది. అలాగే వాళ్లలో ఒకరిని మీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక సిమ్యులేషన్ మొదటినుంచి నడిపించండి.

మీరు వాళ్లకు ఇవ్వాల్సింది కూడా ఒకటుంది. మన లెక్కల్లో ఒక కిలోకేలరీ తేడా అంటే "బాగా వచ్చింది" అనుకుంటాం. బయాలజీ వాళ్లకు అది చాలా చిన్నదిగా వినిపిస్తుంది. కానీ 37 డిగ్రీల దగ్గర అణువుల వేడి కుదుపే దాదాపు 0.6 కిలోకేలరీ. 1.4 కిలోకేలరీల తేడా వస్తే అతుక్కునే బలం పది రెట్లు మారుతుంది. ఒక కిలోకేలరీ అంటే ఐదు రెట్లు. కాబట్టి "నా లెక్కలో పొరపాటు ఒక కిలోకేలరీ" అని చెప్పకండి. "నేను చెప్పిన గాఢతకు ఐదు రెట్లు ఎక్కువైనా, ఐదో వంతైనా కావచ్చు" అని చెప్పండి. అప్పుడు వాళ్లు కళ్లు పెద్దవి చేసి, ఒక్క మోతాదుకు బదులు ఆరు మోతాదుల్లో పరీక్షిస్తారు. వాళ్లనూ ఇలాగే అడగండి: మూడుసార్లు చేశామంటే మూడు వేర్వేరు రోజులా, ఒకే రోజు ఒకే ప్లేట్‌లోని మూడు గుంటల్లోనా?

ఇంత చిన్న శక్తులతో క్యాన్సర్‌కేం సంబంధం అని మీ టీమ్‌లో ఎవరైనా పెదవి విరిస్తే ఇమాటినిబ్ కథ చెప్పండి. ఒక రకం రక్త క్యాన్సర్‌కు 2001లో అనుమతి పొందిన మందు అది. అది పట్టుకునే ఏబీఎల్ ప్రొటీన్‌లో 315వ స్థానంలో థ్రియోనిన్ పోయి ఐసోల్యూసిన్ వస్తే ఒక హైడ్రోజన్ బంధం పోతుంది, కొంచెం లావు అడ్డం వస్తుంది. అంతే, రోగికి మందు పనిచేయడం మానేస్తుంది. అదే 2001లో ఆ సంగతీ బయటపడింది.

ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పని కూడా ఇలాంటిదే. ఆయన బృందం అందించిన ఫోలిక్ ఆమ్లం తరహా పదార్థాలను సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ ల్యుకేమియా రోగుల్లో వాడి చూస్తే జబ్బు తగ్గకపోగా ఇంకా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. ఎవరైనా బల్లకింద దాచేసే ఫలితం అది. ఫార్బర్ దాచలేదు. ఫోలిక్ ఆమ్లం జబ్బుకు ఊతమిస్తుంటే దాన్ని అడ్డుకునేది కావాలన్నారు. సుబ్బారావు గారి బృందం దగ్గర అమినోప్టెరిన్ తయారైంది. ఫోలిక్ ఆమ్లంలో ఒకచోట ఉన్న హైడ్రాక్సిల్ తీసి అమైనో గుంపు పెడితే వచ్చేది అదే. 1948లో ప్రచురించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం గుణం కనిపించింది. తర్వాత దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ వచ్చింది. ఇవి తాము అడ్డుకునే ఎంజైమ్‌ని ఎందుకంత గట్టిగా పట్టుకుంటాయో దశాబ్దాల తర్వాత ఎక్స్-రే చిత్రాలు వచ్చాకగానీ తెలియలేదు. మెథోట్రెక్సేట్‌లో ఉంగరాల భాగం ఒక ప్రొటాన్‌ని పట్టుకుని ధనావేశం తెచ్చుకుంటుంది, ఎంజైమ్ గుంటలో రుణావేశంతో ఉన్న ఆమ్లం దాన్ని లాక్కుంటుంది, పైగా ఫోలిక్ ఆమ్లం కూర్చునే తీరుకు అది తిరగబడి కూర్చుంటుంది. ఫిజిక్స్ ఆలస్యంగా వచ్చినా పని ఆగలేదు. చెడు వార్త ఆలస్యమై ఉంటే మాత్రం ఆగేది.

కేరాస్ అనే ప్రొటీన్ సంగతి దీనికి అటువైపు. దాని జన్యువు ఉన్న రాస్ కుటుంబంలో మ్యుటేషన్లు మనుషుల క్యాన్సర్లలో ఉంటాయని 1982 నుంచే తెలుసు. కానీ ఆ ప్రొటీన్ జీటీపీ అనే చిన్న అణువును వదలనంత గట్టిగా పట్టుకుంటుంది, కణంలోనేమో జీటీపీ పుష్కలం. పోటీపడి గెలిచే మందు లేదని మూడు దశాబ్దాలు చేతులెత్తేశారు. 2013లో కెవన్ షోకాట్ ల్యాబ్ వేరే దారి చూపింది. జీ12సీ మ్యుటేషన్‌తో 12వ స్థానంలో కొత్తగా వచ్చిన సిస్టీన్‌కే రసాయన బంధంతో అతుక్కునే అణువులు వెతికితే, అంతకుముందు చిత్రాల్లో కనపడని గుంట ఒకటి తెరుచుకుంది. 2021లో ఆ గుంటలో కూర్చునే సోటోరాసిబ్ అనే మందుకు అనుమతి వచ్చింది. మీరు టీమ్‌కి ప్రశ్న ఎంచేటప్పుడు ఇది గుర్తుకు తెచ్చుకోండి. ఒకరు లేకుండా ఇంకొకరు జవాబు చెప్పలేని ప్రశ్న అయి ఉండాలి. "బయాలజీ వాళ్లు చేస్తారు, చివర్లో సిమ్యులేషన్ బొమ్మ ఒకటి పెడదాం" అనే ప్రాజెక్టులో మీరు అలంకారమే. అలాంటిదైతే సమన్వయం బాధ్యత తీసుకోకండి.

కణాల వంశం సరైనదో కాదో ఏడాదికోసారి ఎస్టీఆర్ పరీక్ష (కణాల డీఎన్ఏ వేలిముద్ర చూసేది) చేయించండి. ఎండీఏ-ఎంబీ-435 అనే కణాలను ఏళ్లతరబడి రొమ్ము క్యాన్సర్‌వి అనుకుని వాడారు, చూస్తే అవి మెలనోమావి. రాతకోతల విషయంలో బద్ధకించే వాళ్లకు ఇంకో లెక్క చెప్పండి. క్యాన్సర్ బయాలజీలో పేరున్న 53 పేపర్లలోని 193 ప్రయోగాలను మళ్లీ చేసి చూడాలని ఒక ప్రాజెక్టు పెట్టుకున్నారు. 2021లో ముగిసేసరికి చేయగలిగింది 23 పేపర్లలోని 50 ప్రయోగాలే. అసలు రచయితలను అడగకుండా, పేపర్ చదివి పూర్తిగా రూపకల్పన చేయగలిగిన ప్రయోగం 193లో ఒక్కటీ లేదు. వాళ్లంతా మోసగాళ్లేం కాదు. చీటీ రాయలేదు, అంతే.

టైమ్ గురించి కూడా ఒక మాట. మీ సిమ్యులేషన్ శనివారం రాత్రికి అయిపోతుంది. క్లోనింగ్‌కి రెండు వారాలు, ఎలుకల్లో కణితి పెరగడానికి వారాలు, నెలలు. ఖాళీగా ఉన్న ఫిజిక్స్ వాళ్లు రోజుకో కొత్త అణువు సూచిస్తూ పోతే అవతల వాళ్లకు పిచ్చెక్కుతుంది. నెలకు ఇన్నే అని ముందే ఒప్పుకోండి. పేపర్ మీద పేర్ల వరుస కూడా మొదటి నెలలోనే మాట్లాడేయండి. పార్టికల్ ఫిజిక్స్‌లో అక్షర క్రమంలో వేస్తారు, బయాలజీలో మొదటి పేరుకీ చివరి పేరుకీ ఉన్న విలువ మధ్యలో పేర్లకు ఉండదు. ఇది తెలియక చెడిన స్నేహాలు చాలా చూశాను.

మేనేజ్‌మెంట్ అసలే రాదన్నారు. కోర్సు చేస్తే నష్టం లేదు. నాకు మాత్రం కోర్సులకంటే బల్లలు దగ్గరకు జరపడమే ఎక్కువ ఉపయోగపడింది. ప్రొటీన్ల ఆకారాన్ని ఎక్స్-రేలతో తేల్చిన మ్యాక్స్ పెరుట్జ్ 1947లో కేంబ్రిడ్జ్‌లో ఫిజిక్స్ విభాగంలో మొదలుపెట్టిన చిన్న యూనిట్ 1962లో సొంత భవనంలోకి మారినప్పుడు ఆయన క్యాంటీన్ మీద పెట్టిన శ్రద్ధ అంతా ఇంతా కాదు. ఆయన భార్య గిజెలా దాన్ని దగ్గరుండి చూసుకునేవారు. అన్ని అంతస్తుల వాళ్లూ అక్కడ ఒకే చోట కూర్చునేవాళ్లు. మోనోక్లోనల్ యాంటీబాడీలు (ఒకే లక్ష్యాన్ని పట్టుకునే ఒకే రకం యాంటీబాడీలు) 1975లో ఆ ల్యాబ్‌లోనే పుట్టాయి. క్యాంటీన్ వల్లే పుట్టాయని అనను. కానీ మీ తొమ్మిది మంది మూడు అంతస్తుల్లో ఉంటే, వారానికి రెండు పూటలైనా ఒకే గదిలో పనిచేసే ఏర్పాటు చూడండి.

బాధ్యత తీసుకోవచ్చు, అయితే మీ పీఐ దగ్గర ముందే మూడు ఒప్పించుకోండి: మీ సొంత సిమ్యులేషన్ పనికి వారంలో కనీసం మూడు రోజులు, మీటింగ్ ఎలా నడవాలన్నది మీ ఇష్టం, చెడు ఫలితం తెచ్చినవాళ్ల మీద ఆయన అందరి ముందు విసుక్కోకపోవడం. మూడోదానికి ఆయన నవ్వేసి దాటేస్తే ఇంకోసారి అడగండి. అప్పుడూ దాటేస్తే వద్దనండి.

మీ ప్రొటీన్ ఏదో, మీ వాళ్లు దాన్ని ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలుస్తున్నారో మీ ప్రశ్నలో లేదు. కనుక్కుని రాస్తే సిమ్యులేషన్ వైపు ఇంకాస్త వివరంగా చెబుతాను.